ఒళ్లో పిల్లాడికీ ఓ సీటు

ఆర్టీసీలో ముప్ఫై ఒక్కేళ్లు కండక్టరుగా చేశాను. అరటికెట్టు గొడవలు నాకంటే ఎక్కువ చూసినవాళ్లు ఉండరు. అయిదేళ్లు నిండితే అరటికెట్టు కొట్టాలి. కానీ మన బస్సుల్లో ఏ పిల్లాడికీ అయిదేళ్లు నిండవు! మూడో తరగతి చదివేవాణ్ని కూడా తల్లి ఒళ్లోకి లాక్కుని ‘మొన్న సంక్రాంతికే నాలుగు వెళ్లాయి బాబూ’ అంటుంది. అలాంటి నేను, పద్నాలుగు నెలల మనవడికి విమానంలో సీటు కొనాల్సిందేనని మా ఆవిడతో వాదించానంటే మీకు నవ్వు రావచ్చు.

విమానాల లెక్క వేరు. రెండేళ్లు నిండేదాకా పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లొచ్చు. విదేశీ ప్రయాణాల్లో అందుకు సాధారణంగా పెద్దవాళ్ల ఛార్జీలో పదో వంతు తీసుకుంటారు. విడిగా సీటు కావాలంటే ముప్పావు వంతు దాకా అవుతుంది. న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉండి తిరిగొస్తుంటే తనూ, మనవడూ మాతో బయల్దేరారు. అల్లుడికి సెలవు దొరకలేదు. టికెట్లు కొనేరోజు అమ్మాయి ‘నాలుగు సీట్లు’ అంది.

‘ముగ్గురమే కదే?’ అంది మా ఆవిడ.

‘వాడికీ సీటమ్మా. కారు సీటు పట్టుకెళ్లి అందులో కూర్చోబెడతాను.’

అంతే. రెండు రోజులు ఇంట్లో అన్నం సయించలేదు ఎవరికీ.

‘ఇద్దరు ఆడవాళ్లం ఉన్నాం. డబ్బు తగలేసి పసివాణ్ని ప్లాస్టిక్ కుర్చీకి కట్టేస్తావా? నిన్ను ఒళ్లో పెట్టుకునే కదే తిరుపతి తీసుకెళ్లి గుండు కొట్టించుకొచ్చాను!’

డబ్బు గురించి కాదని నాకు తెలుసు. ఆర్నెల్లుగా వాడు మధ్యాహ్నాలు ఆవిడ ఒళ్లోనే నిద్రపోయాడు. ఆ ఒడి పనికిరాదన్నట్టు వినిపించింది ఆవిడకి.

అప్పుడు చెప్పాను, ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతి. 1994లో సూర్యాపేట దారిలో మా బస్సుకి గేదె అడ్డొచ్చింది. వేగం నలభై కూడా ఉండదు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ముందు వరుసలో ఒకావిడ ఏడాది పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను సరిగ్గా ఆవిడకే టికెట్ ఇస్తున్నాను. పిల్లని గట్టిగానే పట్టుకుంది, రెండు చేతులూ చుట్టి. బస్సు ఆగేసరికి ఆ చేతులు అలాగే చుట్టి ఉన్నాయి, లోపల పిల్ల లేదు. డ్రైవరు వెనకాల ఇనుప కడ్డీకి కొట్టుకుని కింద పడింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి, బతికింది. ‘గట్టిగా పట్టుకోవద్దా’ అని బస్సంతా ఆ తల్లిని తిట్టింది. నాకు మాత్రం ఆ చేతులే గుర్తుండిపోయాయి.

మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి పప్పు తాలింపు పెట్టింది.

అమ్మాయి చెప్పిన లెక్క కూడా వినండి. మావాడు పది కిలోలు. ఇప్పటి విమానాల సీట్లని పదహారు రెట్ల కుదుపుకి తట్టుకునేలా పరీక్షిస్తారు. అంటే ఆ క్షణాన వాడు నూట అరవై కిలోలు! రెండు బియ్యం బస్తాల కంటే ఎక్కువ. ఏ అమ్మమ్మ చేతులు ఆపుతాయి? కొన్ని విమానాల్లో పెద్దవాళ్ల బెల్టుకి తగిలించే చిన్న బెల్టు ఇస్తారు. దాన్ని అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. దెబ్బ తగిలితే పెద్దవాళ్ల బరువంతా పిల్లాడి మీదే పడుతుందని.

1989 జులైలో అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 అనే విమానం కూలింది. తోక దగ్గరి ఇంజను పగిలి అదుపు తప్పింది. 296 మందిలో 112 మంది చనిపోయారు. ఒళ్లో పిల్లలు నలుగురున్నారు. వాళ్లని నేలమీద ఉంచి పట్టుకోమని తల్లిదండ్రులకు చెప్పారు. అప్పటి పద్ధతి అదే మరి. ఒక పసివాడు దక్కలేదు. ఆ మాట చెప్పిన ఎయిర్‌హోస్టెస్ ఆ తర్వాత ఏళ్ల తరబడి, పసిపిల్లలకీ సీటు తప్పనిసరి చేయాలని పోరాడింది. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 2005లో కుదరదంది. పిల్లలకీ టికెట్ కొనాలంటే జనం విమానం మానేసి కార్లలో వెళతారు, రోడ్లమీద చావులు ఇంకా ఎక్కువ అని. లోపలి ప్రయాణాలకి ఈ లెక్క సరే అనుకుందాం. న్యూజెర్సీ నుంచి హైదరాబాద్‌కి కారులో ఎవరొస్తారండీ? అయినా తప్పనిసరి కాకపోయినా వాడమనే ఇప్పటికీ ఆ సంస్థ గట్టిగా చెబుతోంది.

అన్ని కారు సీట్లూ పనికిరావు. విమానాల్లో వాడొచ్చని ఎర్ర అక్షరాలతో రాసిన చీటీ దానికి అంటించి ఉండాలి. పెద్దపిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే వీపు లేని పీటలు టేకాఫ్‌లో, దిగేటప్పుడు ఒప్పుకోరు. ఎకానమీ సీటు వెడల్పు పదిహేడు అంగుళాల చిల్లర. అల్లుడు ఇంట్లో సీటుని టేపు పెట్టి కొలిచి పెదవి విరిచాడు. ప్రయాణం కోసమే నాలుగున్నర కిలోల తేలికది ఇంకోటి కొన్నాడు. అమ్మాయి విమానం వాళ్లకి రాసి, ‘వాడుకోవచ్చు’ అని జవాబు తెప్పించుకుని కాగితం అచ్చుతీసి పెట్టుకుంది. అదే కాపాడింది. ‘సామాన్లలో వేసేయండి, పిల్లాడు ఒళ్లో ఉంటాడుగా’ అన్న కౌంటర్లో కుర్రాడు ఆ కాగితం చూశాక ఇంకేం మాట్లాడలేదు.

సీటు కిటికీ పక్కనే బిగించాలి, మిగతావాళ్లు బయటికి రావడానికి అడ్డం కాకుండా. అత్యవసర ద్వారం వరుసలో కుదరదు. మావాడి సీటు వెనక్కి తిరిగి ఉండే రకం. కాబట్టి ముందు సీటాయన వాలడానికి వీల్లేదు. పన్నెండు గంటల ప్రయాణం మరి, ఆయనకి కోపం వచ్చింది. రాదూ? బస్సులో సీట్ల తగాదాలు తీర్చిన అనుభవం అక్కడ పనికొచ్చింది. నడవా పక్కనున్న నా సీటు ఆయనకిచ్చి, ఆయన సీట్లో నేను కూర్చున్నాను. ముప్ఫై ఒక్కేళ్లు నిలబడి పనిచేసినవాడికి వాలకుండా కూర్చోవడం ఒక కష్టమా!

గల్ఫ్‌లో విమానం మారాం. అరేబియా సముద్రం మీద ఉండగా కుదుపులు మొదలయ్యాయి. ముందు వరుసలో గోడకి తగిలించిన తొట్టిలో ఒక పాప నిద్రపోతోంది. బెల్టు దీపం వెలిగినప్పుడల్లా పిల్లని తొట్టిలోంచి తీయాల్సిందే. మూడుసార్లు తీశారు. మూడోసారి ఇక ఆ పాప ఏడుపు ఆపలేదు, పాపం తల్లీ ఏడ్చింది. మావాడు బెల్టుల్లో తల వాల్చి గుర్రు పెడుతున్నాడు. మా ఆవిడ అమ్మాయి మీదుగా వంగి వాడి పాదం పట్టుకుని కూర్చుంది. కుదుపులు తగ్గాక సీట్ల సందులోంచి నన్ను పొడిచి ‘కాళ్లు చల్లబడ్డాయి, మీ దుప్పటి ఇలా ఇవ్వండి’ అంది.

శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కబోతే, వెనక సీటుకి బెల్టు ఉందిగానీ అది దూర్చే బకిల్ కనబడలేదు. కొత్త సీటు కవర్ల కింద సమాధి చేసేశారు! 2019లో మన చట్టం మార్చారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. సీటు కవర్లు కుట్టేవాళ్లకి ఆ కబురు అందినట్టు లేదు. ‘ఒళ్లో కూసోవెట్టుకోండి సార్, మెల్లగ పోనిస్త’ అన్నాడు డ్రైవరు. నేనేదో అనేలోపే మా ఆవిడ కవరు కింద చెయ్యి పెట్టి తడిమి బకిల్ పైకి లాగింది.

సీటు బిగించడం డ్రైవరు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. బండి కదిలాక ‘గిది ఎంతవడ్డది సార్? మాకు గూడ ఏడాది పాప ఉంది’ అని అడిగాడు. అరవై డాలర్లని రూపాయల్లోకి మార్చి చెప్పాను.

‘అయిదు వేల పైననా...’ అన్నాడు. ఔటర్ రింగురోడ్డు ఎక్కేదాకా మళ్లీ మాట్లాడలేదు. ఎక్కాక మాత్రం బండి ఎనభై దాటనివ్వలేదు.