గాలి చెక్కిన కొండకొమ్ము

స్పెయిన్ దేశపు పటం ఒకసారి తీసి చూడండి. ఈశాన్యపు మూల, ఫ్రాన్సు సరిహద్దుకు కాస్త దిగువగా, ఎద్దుకొమ్ములాంటి నేల ఒకటి సముద్రంలోకి పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. పిరనీసు పర్వతాలు పడమటి నుంచి తూర్పుకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగి వచ్చి, ఇక్కడే మధ్యధరా సముద్రంలో దిగిపోతాయి. ఆ కొమ్ము పేరు కాప్ ద క్రెయుస్. ఆ ప్రాంతంవారు మాట్లాడే కాటలాన్ భాషలో క్రెయుస్ అంటే సిలువలు. స్పెయిన్ ప్రధాన భూభాగానికి తూర్పు కొస ఇదే.

అక్కడికి పోవాలంటే ముందు కడకేస్ చేరాలి. అది సున్నం కొట్టిన తెల్లని ఇళ్ళతో ఉండే జాలరిపల్లె. దాని వెనక అడ్డంగా కొండ ఉన్నది. కొండ మీది మలుపుల రోడ్డు పడకముందు ఊరివాళ్ళకు పొరుగూరికి నడిచిపోవటం కన్న పడవెక్కి ఎంత దూరమైనా పోవటమే సులువుగా ఉండేది! కడకేస్ నుంచి కొమ్ము చివర ఉన్న దీపస్తంభానికి ఏడెనిమిది కిలోమీటర్లు. కారులో పోవచ్చు. కాని మీ కాళ్ళలో సత్తువ ఉంటే కాలిబాటనే పోవటం మంచిది. కారులో పోయేవాళ్ళకు కొండ కనిపిస్తుందిగాని రాయి కనిపించదు. ఇక్కడ చూడవలసినది రాయే.

బాట కొంతదూరం చిన్న చిన్న రాతిగోడల మధ్యగా పోతుంది. సున్నం గాని మట్టి గాని లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు అవి. కొండవాలంతా మెట్లు మెట్లుగా ఆ గోడలే. ఎవరి కోసం కట్టారు? ద్రాక్షతీగల కోసం. ఒకప్పుడు ఈ వాలులన్నీ ద్రాక్షతోటలే. 1879లో ఫిలాక్సెరా అనే పురుగు ఈ ప్రాంతంలో అడుగు పెట్టింది. పేనుకన్న పెద్దది కాదు. అమెరికా నుంచి వచ్చి, ద్రాక్షవేళ్ళను పట్టి రసం పీల్చి, కొద్ది ఏళ్ళలోనే తోటలన్నిటినీ ఎండగట్టింది. తరవాత కొందరు ఆలివు చెట్లు పెంచారు. 1956 ఫిబ్రవరిలో ఎన్నడూ లేనంత చలి వచ్చి ఆ చెట్లు కూడా చాలావరకు చచ్చిపోయాయి. మనుషులు పోయారు, గోడలు మిగిలాయి. ఇప్పుడా గోడల సందుల్లో బల్లులు కాపురం ఉంటున్నాయి.

పోను పోను చెట్లు పొట్టివవుతాయి. చివరకు మోకాలెత్తు పొదలు తప్ప మరేమీ ఉండవు. వాటిలో రోజుమేరీ పొద ఒకటి. ఆకు నలిపితే చెయ్యంతా సువాసన. పొదలన్నీ ఒకేవైపుకు, దక్షిణానికి, వంగి ఉంటాయి. దువ్వెనతో దువ్విన జుట్టులాగా! ఇది ట్రమున్టానా చేసిన పని. ట్రమున్టానా అంటే అక్కడి ఉత్తరపు గాలి. ఫ్రాన్సులోని పర్వతాలకూ పిరనీసుకూ మధ్య ఉన్న సందులోకి చల్లని గాలి చొరబడుతుంది. గొట్టం నోరు నొక్కితే నీరు ఎలా చిమ్ముతుందో అలాగే ఆ గాలి ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. ఒక్కొక్కప్పుడు గంటకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. విడవకుండా రోజుల తరబడి వీస్తుంది కూడా. ఎవరైనా కాస్త తిక్కగా ప్రవర్తిస్తే, "వాడికి ట్రమున్టానా తగిలింది" అంటారు ఆ ఊళ్ళవాళ్ళు.

ఆ గాలి తెచ్చే ఉప్పుతుంపరలే ఇక్కడి శిల్పులు. రాతిపగుళ్ళలోకి ఉప్పునీరు దిగుతుంది. నీరు ఆరిపోతే ఉప్పు స్ఫటికాలుగా పేరుకుంటుంది. స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న రాతిరేణువులను తోసేస్తుంది. అలా రేణువు తరవాత రేణువు రాలి గుంట పడుతుంది, గుంట గుహ అవుతుంది. రాయి అంతా ఒకే రకమైతే ఇంత వింత ఉండేది కాదేమో. నల్లని పలకరాయిలో తెల్లని గట్టిరాయి చారలు చారలుగా ఉన్నది. కోట్ల సంవత్సరాల కిందట, భూమి లోపలి వేడికీ వత్తిడికీ ఇవన్నీ రొట్టెపిండిలాగా మడతలు పడ్డాయి. మెత్తనిది ముందు పోతుంది, గట్టిది నిలుస్తుంది. అందుచేత ఒక రాయి ఒంటెలాగా, మరొకటి గద్దలాగా కనిపిస్తుంది. నాలుగు అడుగులు వేసి తిరిగి చూడండి, అది ఒంటె కాదు! పడవలో పోయే జాలరులు ఈ రాళ్ళకు జంతువుల పేర్లు పెట్టుకున్నారు. దగ్గిరలోని పోర్ట్ లిగాట్‌లో ఇల్లు కట్టుకుని ఏళ్ళ తరబడి నివసించిన చిత్రకారుడు సాల్వడోర్ డాలీ (1904-1989) ఈ రాళ్ళనే తన బొమ్మల్లోకి ఎక్కించాడు. కరిగి వేలాడే గడియారాల బొమ్మ మీరు ఎక్కడైనా చూసి ఉంటే, దానిలో వెనకగా కనబడే కొండలు ఈ తీరంవే. ఆ బొమ్మ 1931లో వేశాడు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

దీపస్తంభం చేరకముందే టుడేలా అనే చోటికి ఒక బాట చీలుతుంది. తప్పక అటు వెళ్ళండి. అక్కడ చూడటానికి ఏమున్నదంటే, లేనిది ఉన్నది! 1962లో సరిగా ఆ రాళ్ళ మధ్యనే ఒక విహారసంస్థ సెలవులు గడిపేవారి కోసం ఊరు కట్టింది. నాలుగు వందలకు పైగా కట్టడాలు, రోడ్లు, ఆటస్థలాలు. ఏటా వేసవిలో వందల మంది వచ్చేవారు. వాళ్ళు వచ్చినదీ ఈ అందం కోసమే గదా అనవచ్చు. నిజమే. కాని తోటల కోసం తెచ్చి నాటిన దక్షిణాఫ్రికా మొక్క ఒకటి, లావుపాటి ఆకులది, చాపలాగా పరుచుకుని స్థానికపు మొక్కలకు చోటు లేకుండా చేసింది. ఈ కొమ్ము మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా మొలవని మొక్కలు కూడా ఇక్కడ ఉన్నాయి. అవి ఇక్కడ పోయాయంటే పూర్తిగా పోయినట్టే.

1998లో ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రకృతివనం చేశారు. సుమారు పద్నాలుగు వేల హెక్టార్లు. అందులో మూడు వేలు సముద్రం! ప్రభుత్వం టుడేలాను కొని, 2009, 2010 సంవత్సరాలలో ఆ ఊరిని ఊరంతా కూల్చేసింది. శిథిలాలను మోసుకుపోయారు, పరాయి మొక్కలను పెరికేశారు. ఇళ్ళను పగలగొట్టి రాళ్ళకు చోటిచ్చారంటే మీ నాన్నగారు నమ్మకపోవచ్చు. ఇప్పుడక్కడ నిలబడితే ఊరున్న జాడ కొద్దిగానే తెలుస్తుంది.

సముద్రానికి కూడా వనమేమిటని అడుగుతారా? నీటి అడుగున పచ్చికబయళ్ళు ఉన్నాయి. పొసిడోనియా అనే ఆ గడ్డి నాచు కాదు. దానికి వేళ్ళున్నాయి, పువ్వులు పూస్తుంది. చేపపిల్లలకు అదే ఉయ్యాల. ఒడ్డున మీకు కొబ్బరిపీచు ఉండలలాంటివి దొరుకుతాయి. అవి ఈ గడ్డి పీచును అలలు దొర్లించి చేసినవే. ఈ గడ్డి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల మేర మాత్రమే పాకుతుంది. పడవవాడు లంగరు వేసి లాగితే క్షణంలో చిరిగిపోయిన చోటు మళ్ళీ పూడటానికి ఒక మనిషి జీవితం చాలదు.

పైన నేలకు భయం నిప్పు. 2021 జూలైలో ట్రమున్టానా వీస్తూండగా మంట లేచి, నాలుగు వందల హెక్టార్లకు పైగా తగలబడింది. రోడ్డు పక్కన ఎవరో పారేసిన సిగరెట్టు ముక్క వల్లనే అని అనుమానించారు.

దీపస్తంభం 1853 నాటిది. దాని దగ్గిర నిలబడి చూస్తే మూడు వైపులా సముద్రమే. మన బంగాళాఖాతం లాగా ఇక్కడ ఆటుపోట్లు పెద్దగా కనిపించవు. నీరు ఉదయం ఎక్కడ ఉన్నదో సాయంత్రమూ దాదాపు అక్కడే ఉంటుంది. జనవరి 1న తెల్లవారకముందే చాలామంది దుప్పట్లు కప్పుకుని ఇక్కడికి చేరి, కొత్త సంవత్సరపు సూర్యుడి కోసం తూర్పుకేసి చూస్తూ నిలబడతారు. మీరూ వెళ్ళదలిస్తే టోపీని తాడుతో గడ్డం కింద కట్టుకోండి. గాలికి ఎగిరిన టోపీ కోసం ఆ రాళ్ళ మీద పరుగెత్తకండి.