ముందు వరసలో మా బాబాయి

నవ్వకండి గానీ, ఆదివారం వచ్చిందంటే లీడ్స్‌లో మా వంటగది బల్ల మీద నెపోలియన్ సైన్యం దిగుతుంది. ఒక్కో సిపాయి 28 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి పై కణుపంత. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులేసి, క్లబ్బులో పాచికలతో యుద్ధం చేస్తాం. అరవై దాటాక ఇదేం పిచ్చి అంటుంది మా ఆవిడ.

ఈ పిచ్చి అంటించింది సినిమాయే! 1970లో వచ్చిన ‘వాటర్లూ’ చూశారా? సోవియట్ దర్శకుడు బొందార్చుక్ తీశాడు. నెపోలియన్ వేషం రాడ్ స్టైగర్‌ది. కంప్యూటర్ మాయలు లేని రోజులు, తెర మీద జనమంతా నిజం జనమే. సోవియట్ సైన్యం నుంచే సుమారు 15,000 మందికి యూనిఫారాలు తొడిగారు. ఆకాశం నుంచి తీసిన షాట్‌లో చతురస్రాలు కట్టి నిలబడ్డ దళాల్ని చూస్తే ఎవరైనా ‘అబ్బ!’ అంటారు. నాకు మాత్రం మా బాబాయి గుర్తొచ్చాడు.

ఆయన మద్రాసులో ఎక్స్‌ట్రా. జానపదాల్లో బల్లెం పట్టుకు నిలబడే వేషాలు. తనున్న చిత్రం మా ఊరి టూరింగు టాకీసుకొస్తే, పనిగట్టుకు వచ్చి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాడు. “నాలుగో వరస, ఎడమ నుంచి మూడోవాణ్ణి... చూడండి, చూడండి!” అనేలోగా దర్బారు సీను అయిపోయింది. నాకు పదేళ్లు. “ఏదీ బాబాయ్, నువ్వు కనబడందే!” అని గట్టిగా అరిచాను. నేల టిక్కెట్టంతా గొల్లుమంది. బాబాయీ నవ్వాడు. “కిరీటం పెద్దదిరా, కళ్ల మీదికి జారుతుంటే గడ్డం ఎత్తి నిలబడ్డాను. అదే గుర్తు” అన్నాడు. మళ్లీ ఎప్పుడూ మమ్మల్ని సినిమాకి పిలవలేదు. ఇప్పుడాయన లేడు.

మా ఆటలో ఒక బొమ్మ ఇరవై మందికి లెక్క. లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో విలియం సైబోర్న్ అనే సైనికాధికారి చేసిన వాటర్లూ నమూనా ఉంది. 1838లో ప్రదర్శనకు పెట్టారు. డెబ్బై వేలకు పైగా సిపాయిలున్న అందులోనూ ఒక్కొక్కడు ఇద్దరి పెట్టు. ఎక్స్‌ట్రా బతుకు ఎక్కడైనా ఒకటే కాబోలు!

కిందటి చలికాలం 24 మందితో ఫ్రెంచి పదాతి దళం మొదలెట్టాను. అందులో ఒకడి మెడ బ్లేడుతో కోశాను. సన్న డ్రిల్లుతో తలకీ మొండేనికీ చిల్లులు పెట్టి, తీగముక్క గుచ్చి, తల కాస్త వెనక్కి వాల్చి అతికించాను. సందు కనబడకుండా పుట్టీ మెత్తి, గట్టిపడ్డాక ఆకురాయితో అరగదీశాను. రెండుసార్లు తల ఊడి పొయ్యి కిందికి దొర్లింది. కోటుకి అసలు ముదురు నీలమే వేస్తే ఇంత చిన్న బొమ్మ మీద నల్లగా కొడుతుంది, కొంచెం లేత నీలం కలపాలి. ముఖానికి మాత్రం మా ఇంటి చామనచాయ వేశాను.

క్లబ్బువాళ్లు గుండీల లెక్క తప్పినా ఊరుకోరు. “గార్డు దళంలో ఈజిప్టు నుంచి వచ్చిన మామెలూకులుండేవారు. మామూలు పదాతిలో ఇతనెవరు?” అన్నాడొక పెద్దాయన. న్యాయమైన ప్రశ్నే, తప్పు నాదే.

“మా చిన్నాన్న” అన్నాను.

ఆయనేమీ మాట్లాడలేదు. దెబ్బతిన్న బొమ్మల్ని వెనక వరస నుంచి తీసేయడం మా పద్ధతి. అందుకని బాబాయిని ముందు వరసలో, ఎడమ నుంచి మూడో చోట నిలబెట్టాను. ఆ రోజు చిత్తుగా ఓడాం. ఏడుగురు మిగిలారు.

బొమ్మలు సర్దుతుంటే ఆ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

“ఇతని టోపీ కాస్త పెద్దదైనట్టుందే!”

“అవునండీ, కళ్ల మీదికి జారుతుంది” అన్నాను.