నీరు వచ్చిన దారి

విజయవాడ ఆటోనగర్ మరమ్మతు విద్యకు పుట్టినిల్లు వంటిది. 1960వ దశకంలో వాహనాల పనివారి కోసం ఏర్పడిన ఈ పారిశ్రామికవాడలో లారీలకు బాడీలు కడతారు. అరిగిన ఇరుసులను లేతు మిషనుపై సరిచేస్తారు. కాలిపోయిన మోటార్లకు తిరిగి తీగ చుడతారు. ఇటువంటి చోటికి రేడియో యాంటెన్నాను తిప్పే రొటేటరును తీసుకువెళితే, అది ఏ బండికి చెందినదని పనివారు ముందుగా అడగడం సహజం. గంట ఆకారంలో ఉండే ఆ అల్యూమినియం పెట్టె ఏ బండిలోనూ కనిపించదు. అయినా దాని కడుపులో ఉన్నవన్నీ వారికి చిరపరిచితాలే: మోటారు, పళ్లచక్రాలు, బేరింగులు, గ్రీజు, వీటికి తోడు, ఉండకూడని నీరు.

ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా రేడియో ద్వారా పరస్పరం సంభాషించుకొనే వారిని హామ్‌లు అంటారు. దూర ప్రాంతాలతో మాట్లాడదలచిన హామ్ తన డాబాపై స్తంభం నిలిపి, దాని మీద యాగీ యాంటెన్నాను అమరుస్తాడు. 1926 ప్రాంతంలో జపాన్ శాస్త్రజ్ఞులు ఉడా, యాగీ రూపొందించిన ఈ యాంటెన్నా తన శక్తిని ఒకే దిక్కుకు మళ్లిస్తుంది. వెనుకవైపు నుంచి వచ్చే మాటను అంతగా పట్టించుకోదు. విజయవాడ నుంచి చూస్తే పోర్ట్‌బ్లెయిర్ తూర్పు ఆగ్నేయంగా ఉంటుంది. ముంబయి దాదాపు దానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. ఒకరి వైపు ముఖం తిప్పిన యాంటెన్నా రెండవ వారికి వీపు చూపుతుంది. కాబట్టి దానిని కావలసిన దిక్కుకు తిప్పే సాధనం అవసరమైంది. ఆ సాధనమే రొటేటరు. అది ఒక చుట్టు తిరగడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది.

ఈ నెమ్మది యంత్రం ఆగిపోతే వచ్చే నష్టమేమిటని ఎవరికైనా సందేహం కలగవచ్చు. కృష్ణా డెల్టా ప్రజలకు దాని సమాధానం తెలియనిది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించారు. తంతి, టెలిఫోను తీగలు తెగిపోవడంతో అక్కడ జరిగిన ఘోరం వెలుపలి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. నీరు మనుషులను మింగింది. వారి మాటను కూడా మింగింది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ 2004లో కనిపించింది. ఆ సంవత్సరం డిసెంబరులో భారతీ ప్రసాద్ నాయకత్వాన హామ్‌ల బృందమొకటి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఆ యాత్రను నిర్వహించింది. వివిధ దేశాల హామ్‌లతో మాట్లాడడమే వారి ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ రాగానే, ఉల్లాసం కోసం నెలకొల్పిన ఆ కేంద్రం సహాయ కేంద్రంగా మారింది. ఎవరు క్షేమంగా ఉన్నారో తెలియక తల్లడిల్లుతున్న కుటుంబాలకు దాని ద్వారా కబుర్లు అందాయి.

అయితే ఆపదలో అక్కరకు రావలసిన యంత్రాన్ని ముందుగా దెబ్బతీసేది ఆ వానే, ఆ గాలే. ఎండవానలలో ఏళ్ల తరబడి స్తంభంపై నిలిచే రొటేటరులోకి నీరు ప్రవేశించడానికి మూడు దారులున్నాయి. యాంటెన్నాను మోసే గొట్టం పైకొనకు మూత లేకపోతే వాన నీరు లోపలి నుంచే దిగివస్తుంది. కేబులు పైపొర ఎక్కడైనా పగిలితే నీరు తీగల వెంట జారి లోపలికి చేరుతుంది. మూడవది కంటికి కనిపించదు. పగటి ఎండకు పెట్టెలోని గాలి వ్యాకోచించి కొంత వెలుపలికి పోతుంది. రాత్రి చల్లబడగానే తేమతో నిండిన గాలిని అది లోనికి పీల్చుకొంటుంది. ఆ తేమ లోపల చెమర్చి చుక్కలవుతుంది. వాన కురవని రోజుల్లో కూడా యంత్రం ఈ విధంగా కొంచెం కొంచెంగా నీరు తాగుతూనే ఉంటుంది.

మరమ్మతు స్తంభం ఎక్కడంతో ఆరంభం కాకూడదు. నేలమీది పరీక్షతో ఆరంభం కావాలి. ఈ మోటార్లలో చాలావాటికి రెండు చుట్లుంటాయి. కేబులు చివర మీటరు పెట్టి వాటి నిరోధాలను పోల్చితే, తీగ తెగిందా లేదా అన్నది తెలుస్తుంది. మోటారు మూలుగుతూ కదలకపోతే నేరమంతా నీటిదే అనుకోరాదు. కొన్ని రకాలలో మోటారును నడిపించే కెపాసిటరు ఇంటిలోని నియంత్రణ పెట్టెలోనే ఉంటుంది. అది ముసలిదైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఈ పరీక్షలన్నీ అయిన తరువాతనే, గాలిలేని రోజున, విద్యుత్తు తీగలకు దూరంగా, నడుముకు బెల్టు కట్టుకొని రొటేటరును దించాలి.

పెట్టెను విప్పే ముందు రెండు భాగాలు కలిసేచోట గీత గీసుకోవాలి. గంట ఆకారపు రకాన్ని తలకిందులుగా నిలిపి విప్పకపోతే, బేరింగులోని ఉక్కు గోళీలు నేలపాలవుతాయి. తరువాతి పని ఆటోనగర్ పనివారికి కొట్టినపిండి. తుప్పుపట్టిన గోళీలను, పళ్లచక్రాలను కిరోసిన్‌తో కడుగుతారు. గుంటలు పడిన గోళీల స్థానంలో అదే కొలత గలవి వేస్తారు. మోటారు చుట్లకు, దిక్కును తెలిపే పొటెన్షియోమీటరుకు మాత్రం కిరోసిన్ తగలనివ్వరు. తడిసిన చుట్లను బల్బు వేడికి మెల్లగా ఆరబెట్టి, అవసరమైతే వార్నిషు పూస్తారు. తొందరపడి ఎక్కువ వేడి తగిలిస్తే నీరు చేయని చెరుపు నిప్పు చేస్తుంది. నీటికి కరగని గ్రీజును తగుమాత్రంగా రాస్తారు.

ఇంతటితో యంత్రం తిరుగుతుంది. కాని మరమ్మతు పూర్తయినట్లు కాదు. నీరు వచ్చిన దారిని గుర్తించకుండా భాగాలను మార్చితే, మరుసటి వర్షాకాలానికి అదే తుప్పు, అదే ఖర్చు. ఇక్కడే చాలామంది పొరపడతారు. నీటిపై కోపంతో పెట్టెకు ఉన్న సందులన్నిటినీ జిగురుతో మూసివేస్తారు. అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని సైతం విడిచిపెట్టరు. ఆ రంధ్రం లోపం కాదు. లోపల చేరిన తేమ వెలుపలికి పోవడానికి తయారుచేసినవారు విడిచిన మార్గమది. దానిని మూస్తే పెట్టె నీటిని ఆపదు, దాచుకొంటుంది. మురుగు కాలువ లేని వరిచేను ఏమవుతుందో డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పొలానికి నీరు పెట్టే కాలువ ఎంత ముఖ్యమో నీరు తీసే కాలువా అంతే ముఖ్యం. కనుక గొట్టం పైకొనకు మూత బిగించాలి. కేబులును పెట్టెలోకి చేరే ముందు కిందికి వంచి, చూరు నుంచి జారినట్లు చినుకులు అక్కడే రాలిపోయేలా చేయాలి. అడుగు రంధ్రాన్ని శుభ్రంచేసి తెరిచి ఉంచాలి.

బిగించిన రొటేటరును స్తంభం ఎక్కించకముందే నేలపై ఈ కొస నుంచి ఆ కొస వరకు తిప్పిచూడాలి. యాంటెన్నా ఏ దిక్కు చూస్తున్నదో సూచిక ఆ దిక్కునే చూపాలి. బంగాళాఖాతంలో తుపానులు బలపడే అక్టోబరు, నవంబరు నెలలకు ముందుగానే ఈ పని ముగియడం మంచిది. గాలివాన మొదలైన తరువాత స్తంభం ఎక్కేవారుండరు, ఎక్కకూడదు కూడా. ఆ రాత్రి ఎక్కడి నుంచి ఏ పిలుపు వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. వచ్చిన వైపుకు యాంటెన్నా తిరగగలగాలి.