ముహూర్తం చేసే మేలు

జ్యోతిషం ఇంకా ఎందుకు నిలిచి ఉందని అడిగితే, మూఢనమ్మకం అని ఒక్క మాటలో తేల్చేసేవారు చాలామంది. ఆ జవాబు చాలదు. తెలుగు ఇంట్లోకి జ్యోతిషం ముందుగా వచ్చేది జాతకచక్రంతో కాదు, పంచాంగంతో. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదింటిలోనూ ఉన్నది కాలపు లెక్కే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు, అదే కార్తె. ఏడాదికి 27 కార్తెలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతలో మే చివరి ఎండ ఉన్నదున్నట్టుగా ఉంది. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వచ్చిందంటే రైతు చూపు మబ్బు మీదికి పోతుంది. గ్రహణం ఎప్పుడు పడుతుందో చెప్పి మాట నిలబెట్టుకునే పుస్తకం, ఆ పక్క పేజీలోనే ఆదాయ వ్యయాలనూ రాజపూజ్య అవమానాలనూ అంకెల్లో చూపిస్తే జనం నమ్మడంలో వింత లేదు. లెక్క సంపాదించిన పరపతి ఫలితాలకూ దక్కింది.

ఆ ఫలితాలు మాత్రం పరీక్షకు నిలవలేదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమికి ప్రళయం తప్పదని భయపడి ఎన్నో ఊళ్లలో యజ్ఞాలు చేశారు, ప్రళయం రాలేదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో చేసిన పరీక్షలో 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూసి, చదువులో రాణించే పిల్లలెవరో, మానసిక ఎదుగుదల మందగించిన పిల్లలెవరో చెప్పారు. సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి. అయినా ముహూర్తం ఉపయోగం నిజమైనదేనని నా నమ్మకం. పెళ్లి తేదీ మగపెళ్లివారు పెడితే ఆడపెళ్లివారికి పట్టింపు, వీరు పెడితే వారికి పట్టింపు. పంచాంగం చూసి పెట్టింది ఏ పక్షానిదీ కాదు గనుక ఇరువురూ ఒప్పుకుంటారు. ఏళ్ల తరబడి ఇల్లు కట్టడం వాయిదా వేస్తున్న మనిషి, శంకుస్థాపనకు ఘడియ కుదిరాక ఇక వెనక్కి తగ్గడు. చీటీ తీసినా ఈ పని జరుగుతుంది కదా అనవచ్చు. జరగదు. తీసిన చీటీ నచ్చకపోతే మరోసారి తీద్దామంటారు. తరతరాలుగా ఊరంతా మన్నిస్తూ వచ్చిన లెక్కను అంత తేలిగ్గా తోసెయ్యలేరు.

అయితే ముహూర్తం పని మొదలుపెట్టిస్తుంది, కుజదోషం ఆపేస్తుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి సమర్థించడం నాకు సమ్మతం కాదు. తేదీ కుదరకపోతే కొద్ది రోజుల్లో మరొకటి దొరుకుతుంది, పుట్టిన ఘడియను ఆడపిల్ల ఎలా మార్చుకుంటుంది? లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు. పన్నెండు స్థానాల్లో ఐదు! అంటే నూటికి నలభై మందికి పైగానే ఆ దోషం ఉండాలి. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కించే పద్ధతి పాటిస్తే దోషం లేనివారు ఇంకా తగ్గిపోతారు. అంతమందిలో ఉన్నదాన్ని ఒక్క పిల్ల జాతకంలో చూపించి, కుదరబోయిన సంబంధాన్ని వెనక్కి తిప్పుతున్నారు.