పదివేలకో గీత

బ్యాంకు ఉద్యోగి ఇంట్లో పొదుపు దానంతటదే జరిగిపోతుందని మన చంద్రపూర్ తెలుగువారిలో చాలామందికి ఒక నమ్మకం. పండగ భోజనాల దగ్గర ఎవరో ఒకరు "మీకేమండీ, లెక్కలు మీ చేతిలో పని" అంటూనే ఉంటారు. బీకాం చదివి, ముప్పై ఏళ్లుగా ఇతరుల ఖాతాలు చూస్తున్నవాణ్ణి కనుక లెక్కలు వచ్చిన మాట నిజమే. కానీ మా కౌంటరు దగ్గర నేను చూసే కష్టం లెక్కలు రాకపోవడం వల్ల వచ్చేది కాదు.

ఏటా ఏప్రిల్లో "ఈ సంవత్సరం లక్ష వెనకేయాలి సార్" అంటూ రికరింగ్ డిపాజిట్ తెరవడానికి వస్తారు. లక్షను పన్నెండుతో భాగిస్తారు. ఎనిమిది వేల మూడు వందల చిల్లర వస్తుంది. నెలనెలా అంత కట్టేస్తే సరి. మొదటి రెండు నెలలూ బాగానే కడతారు. జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఆ నెల వాయిదా తప్పుతుంది. జూలైలో రెండు వాయిదాలూ కలిపి కట్టాలి, పైగా జరిమానా. ఆగస్టులో మొహం చిన్నబుచ్చుకుని ఖాతా మూసేయడానికి వస్తారు. "ఇది మావల్ల అయ్యే పని కాదు సార్" అంటారు. వాళ్లు దాచలేనివాళ్లు కారు. వాళ్ల సంవత్సరంలో పన్నెండు నెలలూ ఒక్కలాంటివి కావు, అంతే.

మన ఊరి సంవత్సరమే చూడండి. ఉగాదీ గుడిపాడ్వా ఒకే రోజు వస్తాయి. ఆ వెంటనే చైత్రంలో మహాకాళి జాతర. మరాఠ్వాడా నుంచీ తెలంగాణ నుంచీ జనం తరలివస్తారు, వారిలో మన చుట్టాలూ ఉంటారు. అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్లని మన ఇంటి గడప తొక్కకుండా పంపిస్తామా? మేలో ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటితే కూలర్లు రాత్రింబవళ్లు తిరగాల్సిందే. ఆ కరెంటు బిల్లు సంగతి చెప్పనక్కర్లేదు. దసరా, దీపావళి సరే. ఇక జీతగాళ్లకి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆదాయపు పన్ను కోతతో జీతం సగమైనట్టుంటుంది. జూలై, ఆగస్టు, డిసెంబరు, జనవరి మాత్రం కాస్త ఊపిరి తీసుకోనిచ్చే నెలలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2023లో మా ఇంట్లో ఒక లెక్క మొదలైంది. మంచిర్యాల దగ్గర పల్లెలో మా పెంకుటిల్లు ఉంది. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటాయి. చంద్రపూర్ రమ్మంటే వారం ఉండి, ఎనిమిదో రోజున బల్లార్షాలో రైలెక్కించమంటుంది. ఇంటి దూలం పుచ్చింది, వాసాలు విరిగాయి, వానొస్తే గిన్నెలు పరవాలి. మేస్త్రి చూసి రెండు లక్షల నలభై వేలు అవుతుందన్నాడు. బ్యాంకు ఉద్యోగికి అప్పు పుట్టడం ఎంతసేపు? ఆ మాటే అమ్మతో అన్నాను. "అప్పు తెచ్చి ఏసిన కప్పు కింద నాకు నిద్ర రాదు బిడ్డా. ఈ యేడు వానలకు గిన్నెలు పెట్టుకుంట. వచ్చే యేటికి నువ్వు కూడబెట్టు" అంది. ఆమెకి ఇంకో వానాకాలం వస్తుందో రాదో అన్న భయం నాది. అది పైకి అనలేం కదా.

మా ఆవిడ నోట్‌బుక్ తెచ్చింది. ఇద్దరం కూర్చుని రెండు లక్షల నలభై వేలను నెలల బరువును బట్టి పంచాం. ఏప్రిల్, మే పదిహేనేసి వేలు. జూన్ అయిదు వేలే. జూలై, ఆగస్టు ముప్పైయేసి, సెప్టెంబరు పాతిక. అక్టోబరు, నవంబరు పదేసి. డిసెంబరు నలభై, జనవరి ముప్పై అయిదు, ఫిబ్రవరి పదిహేను, మార్చి పది. జూన్ ఆఖరుకు చేతిలో ఉండవలసింది ముప్పై అయిదు వేలు. పన్నెండుతో భాగించినవాడికి అప్పటికి అరవై వేలుండాలి. అతను పాతిక వేలు వెనకబడ్డానని దిగులుపడే రోజున మేము సరిగ్గా ఉండవలసిన చోటే ఉన్నాం. సెప్టెంబరు ఆఖరుకు రెండు దారులూ లక్షా ఇరవై వేల దగ్గరే కలుస్తాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయమే. అన్నిటికన్నా బీద నెల జూన్, దాని వాటా అయిదు వేలు. అందుకని అయిదు వేలకే రికరింగ్ డిపాజిట్ తెరిచాను. ఏ నెలా తప్పదు, జరిమానా ఉండదు. మిగతాది జీతం పడిన మర్నాడే వేరే సేవింగ్స్ ఖాతాకి పంపేవాణ్ణి. (పాతకాలం వాళ్లు ఇప్పటికీ పదో తేదీలోపు డబ్బు కట్టాలని పరుగున వస్తారు. 2010 మార్చి వరకు పదో తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే సేవింగ్స్ వడ్డీ ఇచ్చేవారు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకి ఆ రోజు వడ్డీ. తేదీ చూసుకోవలసింది పీపీఎఫ్‌కి, అదీ అయిదో తేదీ.)

నోట్‌బుక్ మా ఇంట్లో ఉంటే, అసలు లెక్క అమ్మ ఇంట్లో నడిచింది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. "ఎంతయింది బిడ్డా?" అని అడిగేది. వంటింటి గోడ మీద బొగ్గుతో పదివేలకో గీత గీసేది. మొత్తం ఇరవై నాలుగు గీతలు కావాలి. అమ్మకి చదువు రాదు. ఈ గీతలు మాత్రం కొత్తవి కావు. 1990ల్లో ఊళ్లో పొదుపు సంఘం పెట్టినప్పుడు రోజుకో రూపాయి చొప్పున నెలకి ముప్పై రూపాయలు కట్టేది. పుస్తకంలో ఏం రాస్తున్నారో తనకి తెలియదు కనుక గోడ మీద తన లెక్క తాను ఉంచుకునేది. నెల సమావేశంలో పుస్తకం చదివినప్పుడు గోడకీ పుస్తకానికీ తేడా వస్తే ఊరుకునేది కాదట.

ఆ రోజుకో రూపాయి వెనక పెద్ద కథే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగలాలని ఆ జిల్లాలోనే పొదుపు లక్ష్మి మొదలైంది. 1992లో నాబార్డు అయిదు వందల సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం తర్వాత దేశమంతా పాకింది. మన చంద్రపూర్ జిల్లా ఆడవాళ్లూ ఏళ్ల తరబడి పోరాడితే 2015 ఏప్రిల్లో ఇక్కడ మద్యనిషేధం వచ్చింది, 2021లో ఎత్తేశారు. నిషేధాలు వచ్చాయి, పోయాయి. బచత్ గట్ ఆడవాళ్లు మాత్రం పుస్తకాలు సంచిలో పెట్టుకుని ఇప్పటికీ మా శాఖకి వస్తున్నారు. ఏ నెల ఎవరు కట్టారో, ఎవరు తీసుకున్నారో వాళ్ల పుస్తకాల్లో ఉన్నంత స్పష్టంగా కొందరు ఆఫీసర్ల పాస్‌బుక్కుల్లో కూడా కనిపించదు.

జూలై ఆఖరుకు మా దగ్గర అరవై ఆరు వేల అయిదు వందలు చేరాయి. అమ్మ గోడ మీద ఆరు గీతలు. ఆగస్టులో మా బావమరిదికి డెంగీ. నాగపూర్‌లో ఆసుపత్రి. నలభై వేలు తీయవలసి వచ్చింది. అప్పటికే ఆ నెల ముప్పై వేలు వేసేశాం. మా ఆవిడకి తన తమ్ముడి కోసం అత్తగారి కప్పు డబ్బు తీశామన్న బాధ. "అత్తయ్యకి ఎలా చెబుతాం, పదివేలు తగ్గిందని చెప్పండి చాలు" అంది. నికరం చూస్తే అంతే, పదివేలు తగ్గింది. నేను ఒప్పుకోలేదు. ముప్పై వేసిన నెల అది. నలభై తీసిన నెల కూడా అదే. నికరం ఒక్కటే రాస్తే ఆ నెల మనం ఏమీ దాచలేదని ఉంటుంది, తమ్ముడికి ఏమిచ్చామో కూడా కనిపించదు. నోట్‌బుక్‌లో రెండు పద్దులూ వేరువేరుగా రాశాం.

అమ్మకీ అలాగే చెప్పాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. "పిల్లగాడు మంచిగున్నడా?" అని మొదట అడిగింది. తర్వాత మూడు గీతలు కొత్తగా గీసి, నాలుగింటిని అడ్డంగా కొట్టేసింది. చెరపలేదు. దసరాకి వెళ్లినప్పుడు మా ఆవిడ ఆ గోడ చూసి ఏమీ మాట్లాడలేదు. ఆ పండక్కీ దీపావళికీ పట్టుచీరలు వద్దంది. అలా పన్నెండు వేలు మిగిలాయి. డిసెంబరులో బావమరిది పదిహేను వేలు తిరిగిచ్చాడు. పుచ్చుకోవాలా వద్దా అని ఇంట్లో చిన్న చర్చే జరిగింది. పుచ్చుకున్నాం. అతను గౌరవంగా ఇస్తున్నప్పుడు కాదంటే చిన్నబుచ్చుకుంటాడు.

మార్చి 31న చూస్తే, వడ్డీ కలపకుండా రెండు లక్షల ఇరవై ఆరు వేలు. పద్నాలుగు వేలు తక్కువ. అదే నెల 8న బ్యాంకు ఉద్యోగుల వేతన ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 2022 నవంబరు నుంచి రావలసిన బకాయిలు వస్తాయి. ఆ పద్నాలుగు వేలు అందులోంచి కలిపేస్తే లెక్క నిండుతుందని మా అబ్బాయి సలహా. మా ఆవిడ నోట్‌బుక్ మూసేసింది. "అది వచ్చినప్పుడు రాద్దాం. ఈ ఏడాది ఇంతే" అంది. అమ్మకి ఇరవై రెండు గీతలే అయ్యాయని చెప్పాను.

"ఇంక రెండే కదా బిడ్డా, మేస్త్రిని పిలువు" అంది.

2024 మేలో పని మొదలైంది. వానలు పడే వేళకి దూలం, వాసాలు, పెంకులు అన్నీ కొత్తవి. ఖర్చు రెండు లక్షల యాభై ఎనిమిది వేలు తేలింది. పైన పడిన ముప్పై రెండు వేలు బకాయిల్లోంచి కట్టాం. కొత్త సంవత్సరం పేజీలో మే నెల కింద రాశాం. మొదటి వాన కురిసిన రాత్రి అమ్మ తానే ఫోన్ చేసింది. కప్పు సంగతి రెండు ముక్కల్లో చెప్పి, బావి గట్టు కూలేటట్టుందని, దానికి ఎన్ని గీతలవుతాయో కనుక్కోమని చెప్పింది.