వోకింగ్ నుంచి బ్రూక్‌వుడ్ దాకా

లండన్‌కు నైరుతి దిక్కున, వాటర్లూ స్టేషన్ నుంచి రైల్లో సుమారు అరగంట దూరంలో వోకింగ్ పట్టణం ఉంది. సర్రే కౌంటీలోని ఈ ప్రాంతమంతా ఇసుక నేల. ఊరి అంచుల్లో పైన్, బర్చ్ చెట్ల తోపులు, ఊదారంగు పూల హెదర్ పొదలు, వాటి నడుమ మట్టి బాటలు కనిపిస్తాయి. కంకర దారుల కోసం తయారైన ‘గ్రావెల్ బైక్’ల వారికి ఇది ప్రియమైన చోటు. ఈ సైకిల్ హ్యాండిల్ పోటీ సైకిల్ మాదిరిగా వంపు తిరిగి ఉంటుంది. టైర్లు మాత్రం 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పుగా ఉంటాయి. వాటిలో గాలి ఒత్తిడిని తగ్గించి ఉంచడం వల్ల చక్రం రాళ్ల మీద ఎగిరిపడకుండా నేలను పట్టుకుని సాగుతుంది. ఖరీదైన వస్తువే. అయితే ఇక్కడ చెప్పబోయే దారికి గట్టి టైర్లున్న మామూలు సైకిలైనా చాలునని నా అభిప్రాయం.

ఇంగ్లండ్‌లో పొలాల గుండా, అడవుల గుండా ప్రజలు నడిచే హక్కున్న బాటలు అనేకం. వాటిలో గుర్రపు స్వారీకి అనుమతించిన బాటల మీద సైకిల్ తొక్కే హక్కును 1968 నాటి చట్టం కల్పించింది. షరతు ఒక్కటే: నడిచేవారికీ, గుర్రం మీద వచ్చేవారికీ సైకిల్ మనిషే దారి ఇవ్వాలి. కాలిబాట అని రాసి ఉన్నచోట ఈ హక్కు వర్తించదు.

ఈ సైకిళ్ల వారు ఎక్కువగా దక్షిణాన ఉన్న సర్రే కొండల వైపు పోతారు. గిల్డ్‌ఫర్డ్ నుంచి డార్కింగ్ దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు సుద్దరాతి గుట్టలు అలల్లా లేచి పడుతూ ఉంటాయి. చెకుముకి రాళ్ల పదునుకు టైర్లు చీరుకుపోవడం అక్కడ మామూలే. ఆ డార్కింగ్‌లోనే సర్ ఆర్థర్ కాటన్ 1899లో కన్నుమూశారు, ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో పండిన అన్నం తిన్నవారికి అదొక ప్రత్యేక యాత్ర కాగలదు. అది మరో రోజుకు. ఇప్పుడు చెప్పదలచినది అంతకంటే చిన్నది, చదునైనది, పిల్లలతో సైతం పూర్తి చేయగలిగిన దారి.

ప్రయాణం షాజహాన్ మస్జిద్ దగ్గర మొదలవుతుంది. బ్రిటన్‌లో మస్జిద్‌గానే నిర్మించిన మొట్టమొదటి కట్టడం ఇది. 1889లో పూర్తయింది. కట్టించిన డాక్టర్ లైట్నర్ ముస్లిం కాదు. హంగరీలో యూదు కుటుంబంలో పుట్టి, లాహోర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రాచ్య భాషావేత్త. వోకింగ్‌లో తాను నెలకొల్పిన ప్రాచ్య విద్యాసంస్థకు వచ్చే ముస్లింల నమాజ్ కోసం ఈ మస్జిద్ తలపెట్టాడు. భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ధనసహాయం చేశారు. మస్జిద్‌కు ఆమె పేరే నిలిచింది. పెద్ద కట్టడమేమీ కాదు, మన జిల్లా కేంద్రాల్లోని మస్జిదులు దీనికంటే ఎన్నో రెట్లు విశాలమైనవి. అయినా 2018లో బ్రిటన్ ప్రభుత్వం దీన్ని రక్షిత కట్టడాల్లో అత్యున్నత శ్రేణికి చేర్చింది. ఇక్కడే వుజూ చేసుకుని, రెండు రకాతులు నమాజ్ చేసి బయలుదేరడం మంచిది.

రైలుమార్గాన్నీ కాలువ వంతెననూ దాటి ఉత్తరంగా పది నిమిషాలు తొక్కితే హార్సెల్ కామన్ అనే పొదల అడవి అంచు వస్తుంది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో ఈ ఊళ్లో నివసిస్తూ సైకిల్ మీద ఈ దారులన్నీ తిరిగాడు. అంగారక గ్రహవాసులు భూమి మీద దిగే తన నవలకు ఈ అడవిలోని ఇసుక గోతినే రంగస్థలం చేశాడు. ఆ నవలలో మన మస్జిద్ శిఖరం కూడా కూలిపోతుంది! అదృష్టవశాత్తూ కల్పనలో మాత్రమే.

కల్పన కానిది అడవి అంచున పైన్ చెట్ల మధ్య ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడి గాయపడిన భారతీయ సైనికులను బ్రైటన్ తదితర చోట్ల ఆసుపత్రుల్లో ఉంచారు. చనిపోయిన ముస్లిం సైనికులకు ధర్మబద్ధంగా ఖననం జరగడం లేదని జర్మనీ ప్రచారం చేసింది. ఆ నింద తప్పించుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం మస్జిద్‌కు సమీపంలోని ఈ స్థలాన్ని ఎంచుకుని, కమానులతో, గుంబద్‌తో కూడిన ప్రహరీ కట్టించి ఖబరస్తాన్ ఏర్పాటు చేసింది. రెండు యుద్ధాల్లో కలిపి 27 మందిని ఇక్కడ ఖననం చేశారు. అల్లరిమూకలు సమాధులను పాడు చేస్తూ ఉండటంతో 1960ల చివర్లో వారి అవశేషాలను బ్రూక్‌వుడ్‌కు తరలించారు. ప్రహరీ మాత్రం మిగిలింది. 2015లో దాన్ని బాగుచేసి శాంతివనంగా మార్చారు. లోపల ఒక నీటి కొలను, పేర్లు చెక్కిన రాయి, ఒక్కొక్కరికి ఒకటి చొప్పున 27 హిమాలయ బర్చ్ చెట్లు ఉన్నాయి. తెల్లని బెరడుతో నిలబడి ఉన్న ఆ చెట్లను పిల్లలు లెక్కపెట్టకుండా ఉండలేరు. లెక్క పూర్తయ్యాక వాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం అంత సులువు కాదు: “ఎవరి కోసం చనిపోయారు?”

తిరిగి వంతెన దగ్గరకు వచ్చి కాలువ గట్టు పట్టాలి. 1794లో పూర్తయిన బేసింగ్‌స్టోక్ కాలువ ఇది. లండన్‌కు కలప, ధాన్యం చేరవేయడానికి తవ్వారు. గట్టు మీద గుర్రాలు నడుస్తూ పడవలను తాళ్లతో లాగేవి. గోదావరి, కృష్ణా కాలువల మీద లాకులు చూసి పెరిగినవారికి ఇక్కడ వివరణ అవసరం లేదు. సెయింట్ జాన్స్ దగ్గర వరుసగా అయిదు లాకులు వస్తాయి. పడమరకు పోయేకొద్దీ నీళ్లు మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. బ్రూక్‌వుడ్ దాకా ఏడెనిమిది కిలోమీటర్ల దారి దాదాపు సమతలమే. గట్టుకూ నీటికీ మధ్య కంచె ఉండదు కనుక చిన్నపిల్లలను లోపలి వైపు ఉంచాలి.

చలికాలంలో వెళ్లేవారు నమాజ్ వేళలను ముందే లెక్క చూసుకోవాలి. డిసెంబరులో అక్కడ జుహర్, అసర్, మగ్రిబ్ మూడు వేళలూ నాలుగైదు గంటల వ్యవధిలో వచ్చేస్తాయి. సాయంత్రం నాలుగు కాకముందే సూర్యాస్తమయం. జూన్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక గాని అస్తమించడు.

బ్రూక్‌వుడ్ శ్మశానవాటిక 1854లో ప్రారంభమైంది. లండన్‌లో సమాధులకు చోటు చాలనప్పుడు ఇక్కడ వందల ఎకరాల పొదల నేల కొన్నారు. శవపేటికలను, బంధువులను తీసుకువచ్చే ప్రత్యేక రైలు వాటర్లూ నుంచి నడిచేది. లోపల ఆకాశాన్ని అంటే సెకోయా చెట్ల వరుసలు. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లడమే మర్యాద. ఖిబ్లా ఇంగ్లండ్‌కు ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి ముస్లింల భాగంలోకి రాగానే సమాధుల వరుసల కోణం మారుతుంది.

మార్మడ్యూక్ పిక్తాల్ ఇక్కడ ఉన్నారు. 1917లో ఇస్లాంను బహిరంగంగా స్వీకరించిన ఆంగ్ల నవలాకారుడు ఆయన. వోకింగ్ మస్జిద్‌లో కొన్నాళ్లు ఖుత్బాలు ఇచ్చారు. 1925లో హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులయ్యారు. 1927 నుంచి ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు సంపాదకత్వం వహించారు. దివ్య ఖుర్ఆన్ అనువాదం పూర్తి చేసుకోవడానికి నిజాం ఆయనకు పూర్తి జీతంతో రెండేళ్లు సెలవిచ్చాడు. 1930లో అది వెలువడింది. మూసీ ఒడ్డున బడిపిల్లల హాజరు తీసుకున్న మనిషి చేసిన అనువాదమే నేడు ప్రపంచమంతటా చదువుతున్నారు. ఆయన 1936లో మరణించారు.

దగ్గరలోనే అబ్దుల్లా యూసుఫ్ అలీ సమాధి. బొంబాయిలో పుట్టి ఐ.సి.ఎస్. అధికారి అయ్యారు, కొంతకాలం హైదరాబాద్ సంస్థానంలోనూ మంత్రిగా పనిచేశారు. 6000కు పైగా వివరణలతో ఆయన చేసిన ఖుర్ఆన్ ఆంగ్లానువాదం మనలో ఎన్నో ఇళ్ల అలమారాల్లో ఉంది. ఆయన చివరి రోజులు మాత్రం హృదయవిదారకం. 1953 డిసెంబరు చలిలో, లండన్‌లో ఒక ఇంటి గుమ్మం మెట్ల మీద ఒంటరిగా, దిక్కులేని స్థితిలో కనిపించారు. తర్వాతి రోజే ఆసుపత్రిలో మరణించారు. కోట్లమంది చేతుల్లో ఉన్న గ్రంథాన్ని అనువదించిన మనిషికి వయసు మీదపడ్డాక పక్కన ఒక్కరూ లేకపోవడాన్ని ఆ సమాధి ముందు నిలబడి తలచుకోకుండా ఉండలేం.

సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. ఇద్దరికీ సలాం చెప్పి, మన్నింపు కోసం దుఆ చేసి, కాసేపు కూర్చోవచ్చు. ఖబరస్తాన్‌ను ఆనుకునే బ్రూక్‌వుడ్ స్టేషన్ ఉంది. వాటర్లూ వెళ్లే రైళ్లు అక్కడ ఆగుతాయి. రద్దీ వేళల్లో సైకిళ్లను ఎక్కనివ్వరు కాబట్టి సెలవు రోజు ఎంచుకోవడం మేలు.