కడియపులంక కుండీలు

రాజమహేంద్రవరం సమీపాన, గోదావరి కాలువ చెంతనున్న కడియపులంకలో కనుచూపు మేర మొక్కలే. కొనవచ్చినవారి చూపు పూలపై నిలుస్తుంది. అనుభవజ్ఞుడు ముందుగా సంచి అడుగు పరీక్షిస్తాడు. ఇరుకు సంచిలో చాలాకాలం ఉంచిన మామిడి అంటు వేళ్ళు చుట్టలు చుట్టుకొంటాయి. ఆ చుట్టను విడదీయక నాటితే, ఏళ్ళ తరువాత ఏ పెనుగాలికో చెట్టు మొదలంటా ఒరగవచ్చును. అట్లని చిన్న మొక్కకు పెద్ద తొట్టి కూడ మేలు చేయదు. వేళ్ళు పీల్చుకోలేని నీరు మట్టిలో నిలిచి, ఆ వేళ్ళనే కుళ్ళబెడుతుంది. 4 అంగుళాల కుండీ నుండి 6కు, పిదప 8కి మార్చడమే క్షేమం. నగరాల మేడలపైకి తరలే మొక్కలకు మరొక చిక్కు: వేసవి ఎండకు చిన్న కుండీలోని తడి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. బేరం మాత్రం ఇప్పటికీ పూల రంగును బట్టియే!